కామాక్షయ్య దిష్టి భయం

బోగోలు తీరంలో కామాక్షయ్యంత నిష్ఠగా అబద్ధమాడే మనిషి లేడు. పడవ నిండా వంజరం చేపలు పడ్డ రోజున కూడా వాటి మీద తడి గోనె కప్పి, చెవి గోక్కుంటూ, "ఏం పడలేదన్నా, నాలుగు నెత్తళ్ళు. కూరక్కూడా చాలవు" అంటాడు. ఉన్నది ఉన్నట్టు చెబితే దిష్టి తగులుతుందని ఆయన భయం. తండ్రీ అన్నా ఇద్దరూ నలభై దాటకుండానే, వల లాగుతూ పడవలోనే కుప్పకూలి ప్రాణం విడిచారు. ఊరంతా దిష్టేనంది. మొన్న తనకీ కళ్ళు తిరిగితే, డిగ్రీ చదివే కూతురు ధనలక్ష్మి పట్టుబట్టి నెల్లూరు తీసుకుపోయింది. ఎమ్మారై గదిలోకి పోయేముందు మొలతాడుకున్న పిన్నీసులూ, తాళంచెవీ, రాగి తాయెత్తూ తీయమంటే, నర్సమ్మ ముందు లుంగీ పట్టుకుని ఆయన పడ్డ సిగ్గు ఇంతా అంతా కాదు.

సాయంత్రం డాక్టరు పిలిచి, "గుండె గోడ మందమెక్కింది. మీ నాన్నా అన్నా పోయింది కూడా దీనివల్లే అయ్యుండొచ్చు. ఇది వంశంలో వచ్చే జబ్బు. ముందుగానే పిల్లలకు కూడా ఈ స్కాన్ తీస్తే కాపాడుకోవచ్చు. ఎంతమంది పిల్లలు?" అన్నాడు.

కామాక్షయ్య చెయ్యి చెవి మీదికి పోయింది. "పిల్లలా? ఎవురూ లేరు సార్."

వెనకే నిలబడ్డ ధనలక్ష్మి, "మరి నేనెవుర్ని నాయనా?" అంది. నర్సమ్మ నవ్వాపుకోలేక తల తిప్పుకుంది.

డాక్టరు నవ్వలేదు. "పరిగెత్తితే గుండె దడొస్తుందా అమ్మా?" అని అడిగాడు.

"వస్తాది సార్. ఒకోసారి కళ్ళు గూడా చీకట్లు కమ్ముతాయి. అందరికీ అంతే గదా?"

డాక్టరు కొత్త చీటీ తీసి, ఆ పిల్ల పేరూ వయసూ అడిగాడు. చెప్పొద్దన్నట్టు కామాక్షయ్య కూతురి చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.