వంటింట్లో పడకగది స్విచ్చి

కర్టెన్లు కుట్టే ఆయన్ని వీధిలో అందరూ పరదాల మామ అంటారు. మెడలో టేపు వేసుకుని కొలతలకి వెళ్ళాడంటే, ఆయన కళ్ళు కిటికీ మీద కంటే ఇంటి మీదే ఎక్కువ తిరిగేవి. ఒకరు మెట్లెక్కి పైకి పోయి, మళ్ళీ మెట్లు దిగితేనే గదిలోకి వెళ్ళేలా కట్టుకుంటారు. ఇంకొకరు స్నానాలగదికి గాజు తలుపు పెట్టించి, దానికి పరదా కుట్టమంటారు. ఎందుకని అడిగితే బేరం పోతుంది. అందుకని ఆ ప్రశ్నలన్నీ ఇంటికి మోసుకొచ్చేవాడు.

రాత్రి భోజనాలయ్యాక ఆయన మంచమెక్కేవాడు. భార్య వంటింట్లో గిన్నెలు తోముకునేది. గోడకి ఇటునుంచి ఆయన అడిగేవాడు, అటునుంచి ఆవిడ తేల్చేది.

"స్నానాలగదికి గాజు తలుపేమిటే?"

"కొత్త కాపురం అయ్యుంటుంది. ఇప్పుడు పరదా కుట్టమన్నారంటే అత్తగారు దిగిందన్నమాట."

తోమడం అవగానే ఆవిడ టప్పున లైటు ఆర్పేది. పడకగది స్విచ్చి వంటింట్లో ఉంది మరి. ఇల్లు కట్టేటప్పుడు ఆవిడే పట్టుబట్టి పెట్టించింది. అందరి ఇళ్ళకీ కారణాలు చెప్పిన మనిషి, దీనికి మాత్రం "నీకెందుకు, ఆర్పేది నేనేగా" అని తోసిపుచ్చేది.

ఆవిడ పోయాక ఆర్పేది ఆయనే. ఆర్పి, చీకట్లో తడుముకుంటూ మంచం దాకా రావాలి. మొన్న కుట్టుమిషనుకి మోకాలు కొట్టుకుని పడ్డాడు. చెల్లెలొచ్చి చెడామడా తిట్టింది.

"ఆ దిక్కుమాలిన స్విచ్చి పీకించెయ్ అన్నయ్యా!"

ఆయనకి మనసొప్పలేదు. అది పీకేస్తే, ఆవిడ ఎందుకు పెట్టించిందో ఇక ఎప్పటికీ తెలియదని బెంగ.

ఆ వారమే ఓ టీచరమ్మ ఇంట్లో తలుపుకి పరదా కొలిచాడు. తలుపు తీస్తే ఎదురుగా ఇటుక గోడ! ఇంటికెళ్ళి అడగడానికి మనిషి లేక, మొదటిసారి నోరు జారి టీచరమ్మనే అడిగేశాడు.

"అవతల మా అక్క వాటా బాబూ. అమ్ముకుని పోయింది. కొన్నవాళ్ళు గోడ కట్టుకున్నారు. తలుపు పీకించబుద్ధి కాలేదు."

ఆయన టేపు చుట్టుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం చెల్లెలు పంపిన కరెంటు పనివాడు వచ్చి, స్విచ్చి చూసి పగలబడి నవ్వాడు.

"ఎవరి బుర్ర మామా ఇది?"

"మీ అత్తయ్యదిరా."

"అయితే ఏమీ అనకూడదు. పీకొద్దులే, మంచం దగ్గర ఇంకోటి పెడతా. ఎటునుంచైనా ఆర్పుకోవచ్చు."

ఆయనకి ప్రాణం లేచొచ్చింది. మంచం మీద కూర్చుని మోకాలికి కాపడం పెట్టుకుంటుంటే, కాసేపటికి వంటింట్లో పాత స్విచ్చికి తీగలు కలుపుతున్నవాడి గొంతు.

"పడుకున్నావా మామా? ఏదో ఒకటి మాట్లాడు. గోడకి మొహం పెట్టి ఒక్కణ్ణే పని చెయ్యాలంటే పిచ్చెక్కుతుంది నాకు."

కాపడం గుడ్డ ఆయన చేతిలోనే చల్లారిపోయింది. లైటు వెలుగుతుంటే ఆయనకి నిద్ర పట్టదు. పెళ్ళైన కొత్తలోనే ఆ సంగతి ఆవిడ కనిపెట్టింది. స్విచ్చి మంచం పక్కనుంటే, ఆవిడ గిన్నెలు సగంలో ఉండగానే ఆర్పి పడుకునేవాడు.

"ఒక టీచరమ్మ ఇంట్లో..." గొంతు సవరించుకుని మొదలెట్టాడు. గోడ అవతల నుంచి "అయ్యో" అనీ, "ఆఁ, తర్వాత?" అనీ వినబడుతూనే ఉంది.

"అయిపోయింది మామా. పరదాలు మూసి చూడు, లైటు వేసి ఆర్పుతా."

మూసి, మంచం మీద వాలాడు. లైటు వెలిగింది. టప్పున ఆరింది.

"ఆరిందా మామా?"

ఆయన లేచి కూర్చున్నాడు.

"మళ్ళీ వెయ్యరా," అన్నాడు. "ఇంకోటి చెప్పాలి."