నాన్న ఫోనులో నాలుగో చుక్క

దయ్యాలంటే నాకు భయం లేదు, చిరాకు. మైలాపూరులో లెక్కల టీచరుని. స్టాఫ్ రూములో ఎవరైనా అలాంటి కథ మొదలెడితే మధ్యలోనే లేచి వెళ్లిపోయేదాన్ని. ఇప్పుడు నేనే రాస్తున్నాను, నవ్వేవాళ్లు నవ్వుకోండి.

మా నాన్నకు రిటైరయ్యాక మ్యాపుల పిచ్చి పట్టుకుంది. జనమే కలిసి గీసుకునే, ఎవరైనా సరిదిద్దగలిగే ఉచిత మ్యాపు ఒకటుంది. దాంతో దారి చూపించే యాప్ కూడా ఓపెన్ సోర్స్‌దే. ఊరి మ్యాపు ఒకసారి దించుకుంటే చాలు, సిమ్ లేకపోయినా నడుస్తుంది. పొద్దున్నే ఫోను చొక్కా జేబులో వేసుకుని సందుసందూ తిరిగేవాడు.

అందులో ఆయన సొంతానికి కొన్ని పసుపు చుక్కలు పెట్టుకున్నాడు. అవి ఆ ఫోనులో తప్ప ఎక్కడా కనబడవు. అన్నీ కూర్చునే చోట్లే. అమ్మవి అరిగిపోయిన మోకాళ్లు, రెండు వీధులు నడిస్తే కూలబడుతుంది. అందుకని తిన్నె కనబడినా, బల్ల కనబడినా చుక్క పెట్టి పక్కన ఒక ముక్క రాసేవాడు. "రాతిబల్ల. కుక్క ఉంటుంది, ఏమీ చేయదు." ఇలా.

నాన్న పోయి అప్పటికి ఏడాదిన్నర. సిమ్ తీసేశాం. ఆ ఫోను నా బీరువాలోనే ఉంటుంది, తెరిచే నంబరు నాకొక్కదానికే తెలుసు. అమ్మను బయటికి తీసుకెళ్లే రోజు మాత్రం ఆ చుక్కల కోసం సంచిలో వేసుకుంటాను.

వేసవి సెలవుల్లో ఒక మధ్యాహ్నం అమ్మతో టి. నగర్ వెళ్లాను. అప్పటికే అమ్మకు మతిమరుపు బాగా ముదిరింది. చీరల కొట్లో కూర్చోబెడితే, ఇంటికి పోదాం అని ఒకటే గొడవ. "కాసేపు గమ్మునుండమ్మా" అని కసిరాను. బిల్లు కట్టి తిరిగేసరికి కుర్చీ ఖాళీ.

అమ్మ దగ్గర ఫోను లేదు, ఇంటి అడ్రసు గుర్తు లేదు. కొట్టువాళ్లు కెమెరాలో చూసి, వాకిలి దాటి కుడివైపు పోయిందన్నారు. పోలీసు బూత్‌లో చెప్పాను. ఆ ఎండలో, ఆ జనంలో ఎక్కడని వెతకను? కసిరినందుకు నన్ను నేను తిట్టుకుంటూ రోడ్డు మీదే ఏడ్చేశాను.

అప్పుడు తట్టింది. అమ్మ ఎంత దూరమని నడుస్తుంది? ఎక్కడో ఒకచోట కూర్చోవాలి కదా! నాన్న ఫోను తీశాను. ఆ చుట్టుపక్కల నాలుగు చుక్కలున్నాయి. ఒక గుడి మెట్టు, ఒక బస్ స్టాప్, ఒక బ్యాంకు అరుగు. మూడింటి దగ్గరా లేదు.

నాలుగోది పాండీ బజారు వెనక సందులో. పక్కన ఇలా ఉంది: "సిమెంటు తిన్నె. మూడు దాటితే నీడ. టైలరు నీళ్లిస్తాడు."

యాప్ చెప్పినట్టే మలుపులు తిరిగాను. చిన్న టైలరు కొట్టు ముందు, తిన్నె మీద, నీళ్ల బాటిల్ చేతిలో పట్టుకుని అమ్మ కూర్చుని ఉంది. టైము మూడూ ఇరవై.

"ఇంతసేపా? మీ నాయన ఈడ కూచో, పాప వస్తాది అన్నాడు" అంది. మతి తప్పిన మనిషి మాట, నేను దాన్ని లెక్కలోకి తీసుకోవడం లేదు.

టైలరుది చిత్తూరు వైపు. చేతులు పట్టుకుని దండం పెట్టాను. మీ తిన్నెను మా నాన్న ఫోనులో గుర్తు పెట్టుకోబట్టే అమ్మ దొరికింది, ఆయన పోయి ఏడాదిన్నర అయిందని చెప్పాను. టైలరు నన్ను వింతగా చూశాడు.

"ఏడాదిన్నరా? అది ఇంకేదో తిన్నె అయుంటాదిలే మా. ఈ తిన్నె కట్టి రెండు మాసాలు గూడా కాలే. మేము ఈడికి వచ్చిందే అప్పుడు. అంతకుముందు ఈడ ఉండింది మూత లేని కాలవే."

పక్క ఇస్త్రీ బండి ఆయన్ని అడిగాను. ఆయనా అదే చెప్పాడు.

నాన్నకు ఆ యాప్ నేర్పిన స్నేహితుడికి ఫోను చూపించాను. మిగతా వాటిలాగే చేత్తో పెట్టిన చుక్క, వాటంతట అవి పుట్టవు అన్నాడు. వేరే చోట పెట్టింది జరిగి ఇక్కడికి వచ్చిందా అంటే, టైలరూ, నీళ్లూ, నీడా కూడా జరిగి వస్తాయా? ఆ చుక్క ముందు నుంచీ ఉందో లేదో మాత్రం ఒట్టేసి చెప్పలేను. ఎన్నున్నాయో నేనెప్పుడూ లెక్కపెట్టలేదు.

ఇప్పుడు లెక్కపెడుతున్నాను. అమ్మతో బయటికి బయలుదేరే ముందు ప్రతిసారీ. నలభై ఒకటి. నిన్నటికీ నలభై ఒకటే. హమ్మయ్య అనుకోవాలి కదా? అనుకోలేకపోతున్నాను. ఇంకోసారి లెక్కపెట్టి, అప్పుడు తలుపు తాళం వేస్తాను.