చున్నీ కింద పిల్లికూన

“పడవలో జంతువులేమైనా ఉన్నాయా?” అని రేవులో అధికారి హిందీలో అడిగారు. “ఏమీ లేవు సార్” అని మా ఆయన చెబుతుండగానే నా ఒళ్లోని బుట్ట కదిలింది. నేను దాన్ని రెండు చేతులతో అదిమి పట్టుకున్నాను.

మాది ప్రొద్దుటూరు. మా ఆయన గల్ఫ్‌లో ఒక సేఠు సొంత పడవ నడుపుతారు. సెలవులకు పిల్లలతో వెళ్తే, ఆ పడవలో పక్క దేశం చూసి రమ్మన్నారు సేఠు. పాప అక్కడ మచ్చిక చేసుకున్న పిల్లికూన లేనిదే రానంది. మా ఆయనకు చెప్పకుండా బుట్టలో పెట్టుకొచ్చాను. పులివెందులలో మా అమ్మ ఇంటికి బస్సులో కోడిని తీసుకెళ్లేటప్పుడు, దానికి టికెట్ అడగకుండా బుట్ట మీద చున్నీ కప్పడం నాకు అలవాటు. ఇక్కడా అదే చేశాను.

చున్నీ కింద నుంచి “మ్యావ్” వినబడింది.

“ఏందిమే ఇది? పడవను పట్టుకుంటే సేఠు నన్ను పనిలోంచి తీసేస్తాడు!” అన్నారు మా ఆయన.

“బస్సులో మాదిరే పోవచ్చనుకున్న్యా” అన్నాను ఏడుపు గొంతుతో.

టీకా పత్రం, అనుమతి లేని జంతువును ఒడ్డుకు దించకూడదట. ముందే చెప్పి ఉంటే పడవలోనే ఉంచుకోనిచ్చేవారట, దాచడమే తప్పట. పాప బుట్టను కావలించుకుని బోరుమంది. అధికారి నవ్వాపుకోలేక, పిల్లిని పడవ గదిలో పెట్టి ఒకరిని కాపలా ఉండమన్నారు.

“శానా బాగుంది! మీరు ఊరు చూడండి, నేను పిల్లిని చూస్తాంటా” అని మా ఆయన ఉండిపోయారు.

మర్నాడు పొద్దున పిల్లలతో చెప్పాను: “ఊరికి పోయినాక, పులివెందుల బస్సులో కోడికి టికెట్ నేనే అడిగి తీసుకుంటా.”