కోర్టు మార్షల్లో ‘ఆయ్’

ఇందులో ప్రతి అక్షరమూ నిజమని మా కొల్లేటి చేపల మీద ఒట్టేసి చెబుతున్నానండీ. ఆ రోజుల్లో పటాలంలో చేరితే ధైర్యం వస్తుందనేవారు. ఇరవై రెండేళ్ళ నాకు యూనిఫారమైతే వచ్చింది గానీ, ధైర్యం ఏలూరు స్టేషన్లోనే దిగిపోయింది. పది రోజుల సెలవు మీద ఇంటికొచ్చి, చేపల చెరువు పట్టుబడి అయ్యేదాకా ఉండమని మా నాన్న అంటే ఇంకో పన్నెండు రోజులు ఉండిపోయి, తిరిగెళ్ళగానే నేనూ పట్టుబడ్డాను. సెలవు పొడిగించమని రిజిస్టర్డ్ పోస్టులో పంపిన అర్జీకి రసీదు మాత్రం జేబులో భద్రంగా ఉంది. నా ఉద్యోగం నిలబడాలంటే అదొక్కటే ఆధారం.

మా యూనిట్లో తెలుగు తెలిసిన ఇంకో ప్రాణి అత్తిలి హవల్దారుగారు. ఆయనే నాకు విషయం బోధపరిచారు. “చిన్న తప్పయితే మన కమాండింగ్ ఆఫీసరు, అదే సీఓగారు, తన గదిలోనే తేల్చేస్తారు తమ్ముడూ, ఇరవై ఎనిమిది రోజులదాకా లోపలేస్తారు. నీకు సమ్మరీ కోర్టు మార్షల్ పెట్టారు. ఏడాదిదాకా వెయ్యొచ్చు.”

“అక్కడ జడ్జి ఎవరండీ?”

“సీఓగారే.”

“ఆపైన?”

“డిస్ట్రిక్ట్ కోర్టు మార్షల్. ముగ్గురు ఆఫీసర్లు కూర్చుంటారు.”

“అయితే నన్నక్కడికే పంపమనండి, ఏలూరు మాకు దగ్గర!”

“నీ తెలివి తెల్లారినట్టే ఉంది! అది జిల్లా కోర్టు కాదయ్యా. దానిపైన జనరల్ కోర్టు మార్షల్, అక్కడ ఉరిదాకా వేస్తారు.”

(ఆ నెల్లోనే జీపుని కాలవలో దింపిన కెప్టెనుగారు వీటిలో ఏ మెట్టూ ఎక్కలేదు. ‘మీ పట్ల అసంతృప్తిగా ఉన్నాం’ అని ఓ ఉత్తరమొచ్చింది, అంతే. మాకు మెట్లు, వారికి ఉత్తరాలు.)

విచారణ రోజున సీఓగారు నా నేరాలు ఇంగ్లీషులో చదివారు: సెలవు దాటి ఉండిపోవడం, టోపీ పోగొట్టడం, పై అధికారికి ఎదురు చెప్పడం. (ఎదురా! నేను మా గేదెని కూడా ‘రండి’ అని పిలిచే రకం.) పెద్దలు మాట్లాడుతుంటే వింటున్నామని తెలియజెయ్యడం మా వైపు మర్యాద. అందుకని ఒక్కో నేరం చివరా కాస్త వంగి “ఆయ్” అన్నాను. ఇంగ్లీషులో కూడా ‘ఆయ్’ ఉందట, అవునని అర్థమట. ఆయన మూడుసార్లు ‘గిల్టీ’ అని రాసుకున్నారు.

బయట హవల్దారుగారు తల బాదుకున్నారు. “కొంప ముంచావు కదయ్యా! రసీదు చూపించలేదేం?”

“వారు అడగలేదండీ!”

ఆయన లోపలికి పరిగెత్తి ‘ఆయ్’ అంటే ఏవిటో వివరించారు. సీఓగారు కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వి, నన్ను పిలిచి, రసీదు చూసి, కాయితాలు పరపరా చింపేశారు.

ఇదిగో, ఆ పరుగూ, నవ్వూ, చింపడమూ నేను కల్పించినవేనండీ. ఎవరూ ఏదీ చింపలేదు. మూడు నెలలు లోపలున్నాను, ఉద్యోగం ఊడింది. ఇప్పుడు తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల కొట్టు (కంట్లో నీళ్ళొచ్చినా ఎవరూ ఎందుకని అడగరు). ఆ ఇరవై రెండేళ్ళ వెర్రిబాగులవాణ్ణి తలుచుకుంటే కోపం రాదండీ. పక్కన కూర్చోబెట్టుకుని ఒక్క ముక్క నేర్పాలనిపిస్తుంది: కాదండీ, అనడం.