నిలవ ఉంచాలనుకున్న మెదడు

లోలా పసింగ్‌కు రెండు విద్యలు వచ్చు. పేకాటలో ముక్క దాచడం, చేపకు ఉప్పు పట్టించడం. మొదటిదానిలో ఎప్పుడూ దొరికిపోయేది. రెండోదానిలో పనాయ్ దీవి మొత్తం మీద తనంతటిది లేదని తనే చెప్పుకునేది. ఎవరూ కాదనేవారు కాదు. కాదంటే పూటంతా ఉపన్యాసం వినాలి మరి.

ఆ ఇంటి మగవాళ్లకు లుబాగ్ వస్తుంది. మెడ, కాళ్లు మెలితిరిగి, చివరికి మెతుకు కూడా మింగుడు పడక పోతారు. తల్లుల నుంచి కొడుకులకు దిగే జబ్బు అది. మేనమామనీ అన్ననీ అలాగే సాగనంపింది లోలా. ఇప్పుడు పెద్దకొడుకు తెర్యో మంచం పట్టాడు.

మాట పడిపోకముందే తెర్యో తన మెదడును పట్నంలోని పరిశోధనశాలకు రాసిచ్చాడు. తన కోసం కాదు. తమ్ముడు రుస్తికో కుడిపాదం అప్పటికే లోపలికి తిరుగుతోంది.

అక్కడి నర్సు మెర్లిండా ఇంటికొచ్చి, లోలాను నానాయ్ అని, అంటే అమ్మా అని పిలుస్తూ విడమరిచి చెప్పింది. "మెదడులో కొవ్వులుంటాయి, అమైనో ఆమ్లాలుంటాయి నానాయ్. ఈ జబ్బులో ఏది తరిగిపోతోందో, ఏది పేరుకుపోతోందో యంత్రంలో పెట్టి కొలుస్తాం. మందు దొరుకుతుందని మాత్రం మాటివ్వలేను. తాజాగా తీసి గడ్డకట్టించాలి. ప్రాణం పోగానే ఫోన్ చెయ్యండి."

"తాజాదనం గురించి నాకు చెప్పొచ్చావా!" అంది లోలా.

ఒక ఆదివారం ఉదయం తెర్యో పోయాడు. లోలా వెంటనే ఫోన్ చేసింది. ఐస్ పెట్టెతో బయల్దేరుతున్నామంది మెర్లిండా. కానీ దారి దూరం, ఎండ నిప్పులు చెరుగుతోంది. పడవ దిగిన చేపను ఎండకు వదిలేసే మనిషి కాదు లోలా. శవాలకు కుళ్లకుండా మందు ఎక్కించే బాదోంగ్ ఉండేది వీధి చివరే. శవం దగ్గర రోజుల తరబడి జాగారం చెయ్యాలంటే ఎలాగూ ఎక్కించాల్సిందేనని అతన్ని పిలిపించింది.

"పట్నం వాళ్లు రానీ, అక్కా," అని నసిగాడు బాదోంగ్.

"వాళ్లొచ్చేదాకా నా బిడ్డ కుళ్లాలా? మంచి సరుకు అందిద్దాం. నువ్వు కానివ్వు."

మెర్లిండా వచ్చేసరికి తెర్యో తెల్లచొక్కాలో తిన్నగా పడుకుని ఉన్నాడు. గుమ్మంలోనే ఫార్మలిన్ వాసన తగిలి ఆమె ఆగిపోయింది.

"ఎవరు ఎక్కించమన్నారు?"

"నేనే. చూడు, చెక్కుచెదరకుండా ఉన్నాడు!"

మెర్లిండా ఐస్ పెట్టె మీదే కూలబడింది. "ఆ మందు అమైనో ఆమ్లాలను పట్టి బిగించేస్తుంది నానాయ్. కొవ్వుల లెక్కా చెదిరిపోతుంది. ఇక మెదడు ఆకారం చూసుకోవచ్చు, అంతే. మాకు కావలసింది కొలవలేం."

"కడిగితే?"

"పోదు."

"ఉప్పుచేపను నానబెడితే ఉప్పు దిగదూ?"

మెర్లిండా నవ్వలేదు. అప్పుడు భయమేసింది లోలాకు. "నేను పాడుచేశానా?" అంది.

జాగారానికి వచ్చేవాళ్ల కోసం పేకాట బల్లలు వేస్తున్న రుస్తికో కుంటుకుంటూ వచ్చి తల్లి భుజం మీద చెయ్యేశాడు.

"పోనీలే నానాయ్. నా వంతు వచ్చినప్పుడు ముందు బాదోంగ్‌ని ఊరు దాటించు. తర్వాత మేడమ్‌కి ఫోన్ చెయ్యి."

అలాంటి మాట ఎవరన్నా చెంప పగలగొట్టేది లోలా. ఆ రోజు అతని పాదం వైపు చూసి, "సరే నాన్నా," అంది.