సరోజమ్మ భూతద్దం

మొన్న గిన్నెలు కడిగిన తడి చేత్తో మనవరాలి ఫోను పక్కకు జరిపాను. తెర మీద పడ్డ నీటిబొట్టులో, భూతద్దంలో చూసినట్టు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కలు మెరిశాయి. "తుడిచెయ్ అవ్వా, పాడైపోతుంది" అంది. తుడవబుద్ధి కాలేదు, చుక్కలున్నాయి చూడమన్నాను. తెరలో చుక్కలుంటాయని నాకు మొదట చూపించిన సరోజమ్మ గుర్తొచ్చింది.

బర్గూరు క్వారీలో నడుం విరిగి మా ఆయన మంచాన పడ్డాక, హోసూరులో అప్పటి డబ్బా కంప్యూటర్ తెరలు బిగించే ఫ్యాక్టరీలో చేరాను. మూడు నెలలు పని చూసి, నచ్చితే ఉంచుకుంటామన్నారు. సరోజమ్మ మా సూపర్‌వైజరు. తళి ఊరి నుంచి వచ్చే బస్సు దిగి అందరికన్నా ముందే వచ్చేది, నవ్వేది తక్కువ. తెర మూలల్లో సన్నటి ఇంగ్లీషు అక్షరాలు వేయించి సరిచూడమంది. నేను చదివింది మూడో తరగతి, అదీ తెలుగులో. ఇంగ్లీషు రాదన్నాను.

"చదవమని ఎవరు చెప్పినారమ్మా? చూడు. అక్షరం కడుపులో సందు తెరుచుకోనుందా, మూసుకోనుందా, అంతే."

చుక్కలు దగ్గరగా ఉంటే అక్షరం కత్తిరించినట్టు ఉంటుందనీ, ఎడమైతే అలుక్కుపోతుందనీ భూతద్దం పెట్టి చూపించింది.

ఆ గడువు తీరడానికి ఇంకో వారం ఉందనగా, లారీ ఎక్కాల్సిన ఒక వరుస తెరల్లో అక్షరాల కడుపులు మూసుకుపోయి కనిపించాయి. అంతకుముందే టెన్త్ పాసైన ఇద్దరమ్మాయిలు బాగున్నాయని ముద్ర వేసేశారు. నోరు మూసుకుంటే ఉద్యోగం నిలబడుతుంది. అయినా, "ఇవి పోకూడదు మేడమ్" అన్నాను.

మేనేజరు వచ్చాడు. "అక్షరమ్ముక్క రాని ఆయమ్మ చెప్పిందని లారీ నిలిపేదా?"

సరోజమ్మ వంగి చూసింది. ఆమె నన్ను వెనకేసుకు రాలేదు. భూతద్దం నా చేతిలో పెట్టి, "నువ్వు చూసింది సార్‌కి చూపించు" అంది.

మంచి తెర ఒకటి పక్కన పెట్టించాను. భూతద్దం ముందు దాని మీద, తర్వాత ముద్ర పడిన తెర మీద పెట్టాను. "మంచిదాంట్లో చుక్కలు రాగులు పోసినట్టు సన్నంగా ఉండాయి సార్. దీంట్లో ఆవాల మాదిరి లావుగా, ఎడంగా ఉండాయి."

మేనేజరు ఒకసారి చూశాడు, మళ్లీ చూశాడు. చుక్కలు ఎడంగా ఉండే ముతక రకం పిక్చర్ ట్యూబులు ఆ వరుసలో పొరపాటున కలిసిపోయాయని తేలింది. లారీ ఖాళీగా పోయింది. నా ఉద్యోగం నిలబడింది.

సాయంత్రం బస్టాండులో సరోజమ్మకు దండం పెట్టబోతే ఆపింది. "నాకు ఆ అక్షరాలు బాగానే కనబడినాయమ్మా. చదువొచ్చినోళ్లకి కంటికన్నా ముందు మనసు చదివేస్తుంది. నిన్ను నమ్మినానని అనుకోవద్దు. నమ్మలేదు, అందుకే చూపించమన్నాను."

నాకిప్పుడు దూరపు చూపు మసకబారింది. అయినా ఎవరైనా ఏ కాగితమైనా చదివి "అంతా సరిగ్గానే ఉంది" అంటే ఊరుకోను, దగ్గరికి తెమ్మంటాను. మొన్న మనవరాలు నా కొంగు అందుకుని బొట్టు తుడవబోతూ, "యాడ అవ్వా చుక్కలు? నాకేం కనబడలేదు" అంది. దాని చేయి పట్టుకుని ఆపి, తలను బొట్టు మీదికి వంచాను.