హాల్లో ఉండకూడని మనిషి

"తాడేపల్లిగూడెంలో చూడ్డానికి ఏముందండీ?" అని బెజవాడ స్టేషన్లో టికెట్ల వరసలో నా ముందున్నాయన అడిగాడు. ఒక గోడ ఉందన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి ముందుకు తిరిగిపోయాడు. నేనేం వెటకారం ఆడలేదు. నిజంగానే ఎవరింట్లోనో ఒక గోడ చూడ్డానికి వెళ్తున్నాను.

పొద్దున ఆరున్నరకి పాసింజరు కదిలింది. కిటికీ పక్కన చోటు దొరికింది. ఇడ్లీ పొట్లం విప్పేలోపు ఈ ప్రయాణం ఎందుకో చెప్పేస్తాను, లేకపోతే చదివేవాళ్ళు కూడా నన్ను ఆ టికెట్ల ఆయన చూసినట్టే చూస్తారు.

నేను డ్రాయింగు మాస్టారిగా రిటైరయ్యాను. బడిలో పిల్లలకి ఏనుగులూ మామిడిపళ్ళూ నేర్పినా, ఇంట్లో నా బొమ్మలు నేను వేసుకునేవాణ్ణి. ఎగ్జిబిషన్లలో పెట్టారు, ఒకటీ అరా అమ్ముడుపోయాయి కూడా. మా ఆవిడ సువార్తకి జబ్బు బయటపడ్డాక, మందు ఎక్కిస్తే జుట్టంతా ఊడిపోతుందని డాక్టరు చెప్పాడు. ఇంటికొచ్చాక, "జుట్టు ఉండగానే గీసెయ్యండి" అంది. ఆవిడది కొల్లేటి లంక. పుట్టింటికి తీసుకెళ్ళమంది. నీళ్ళ ఒడ్డున బోర్లించిన దోనె పడవ మీద, తలంటుకున్న జుట్టు ఆరబోసుకుని, నాకు వీపు పెట్టి కూర్చుంది. మొహం కూడా వేస్తానంటే, "మొహం మీకు గుర్తుంటాది లెండి. జుట్టే మర్చిపోతారు" అంది.

నిలువెత్తు కాన్వాసు మీద వేశాను. నేరేడుపండు రంగు చీర, నడుం దాటిన జుట్టు, అవతల కిక్కిస గడ్డి, నీళ్ళు. తరవాత ఆవిడ ఏడాదిన్నర బతికింది. జుట్టు మళ్ళీ రానేలేదు.

బెజవాడ వరదలో మా ఇంట్లో నీళ్ళు కిటికీల దాకా వచ్చి, పోయే దారి లేక రోజుల తరబడి అలాగే ఉండిపోయాయి. కాన్వాసు బయటికి తీస్తే రంగు పొలుసులుగా లేచి చేతికంటుకుంది. బురద కడగబోయాను. బురదతో పాటు సువార్త కూడా కొట్టుకుపోయింది. మిగిలింది ఫోన్లో వేలెడంత ఫొటో. ఎగ్జిబిషన్ వాళ్ళు నెట్లో పెట్టిందీ అంతే.

పోయిన నెల నా పాత శిష్యుడు కిరణ్ ఒక వీడియో పంపాడు. తాడేపల్లిగూడెంలో ఒక రైసుమిల్లు యజమాని గృహప్రవేశానికి వెళ్ళాట్ట. "మాస్టారూ, ఈ గోడ మీది బొమ్మ మీదేనా?" అని అడిగాడు. నాదే. నా గడ్డి, నా నీళ్ళు, గోడంత ఎత్తున. మధ్యలో ఏముందో కనపడకుండా సోఫాలో అయిదారుగురు ఆడవాళ్ళు పట్టుచీరలతో కూర్చుని ఫొటోకి నవ్వుతున్నారు. అంత పెద్దగా అచ్చు వేశారంటే ఎక్కడో మంచి ఫొటో దొరికే ఉంటుంది. ఆ నవ్వుతున్న వాళ్ళ వెనకాల మా ఆవిడ ఉండి ఉంటుంది. ఒక్కసారి నిలువెత్తున చూసి వస్తే చాలనుకున్నాను. నాకు ఇంకేం అక్కర్లేదు. కేసులూ గొడవలూ పెట్టే ఓపిక కూడా లేదు.

ఏలూరులో బండి చాలాసేపు ఆపేశారు. అక్కడ ఎక్కి నా ఎదురుగా కూర్చున్నాయన ఇళ్ళకి రంగులు వేస్తాట్ట. గోళ్ళ సందుల్లో సున్నం ఉంది. "ఇప్పుడు గోడలకి రంగులెవరేయిస్తన్నారండీ, అన్నీ అంటించేత్తన్నారు" అన్నాడు. అంటించిన బొమ్మే చూడ్డానికి వెళ్తున్నానని ఆయనకి చెప్పలేదు. పని తగ్గిపోయి గూడెం మిల్లుల్లో బస్తాలు మొయ్యడానికి పోతున్నాట్ట. భీమడోలు వచ్చేసరికి తల కిటికీకి ఆనించి నిద్రపోయాడు.

తాడేపల్లిగూడెంలో దిగేసరికి తొమ్మిదిన్నర దాటింది. ఆటో ఎక్కి పెంటపాడు రోడ్డన్నాను. దారంతా ఊక పొగ కళ్ళల్లో పడింది. మిల్లు యజమాని ఇల్లు వెతుక్కోనక్కర్లేదు, రోడ్డు మీదకే ఓడలా కనిపిస్తుంది. కిరణ్ ముందే ఫోన్ చేసి చెప్పాడు కాబట్టి ఇంటావిడ పద్మ గారు గేటు దాకా ఎదురొచ్చింది.

"రండి మాస్టారండీ. మీ బొమ్మ చూసే మా హాలంతా చేయించుకున్నామండీ."

చెప్పులు విప్పి లోపలికి వెళ్ళాను. గోడ ఎదురుగానే ఉంది. నీళ్ళున్నాయి. గడ్డి ఉంది. బోర్లించిన దోనె ఉంది. దోనె మీద మూడు గూడబాతులు కూర్చున్నాయి.

నేను గూడబాతులు వెయ్యలేదు. ఎంతసేపు నిలబడ్డానో ఏమో, పద్మ గారు ఫ్యాను వేసి కూర్చోమంది. "ఇక్కడ ఒక మనిషి ఉండాలండీ" అన్నాను.

"ఉన్నారండీ" అని ఆవిడ గొంతు తగ్గించింది. "మా అత్తగారు ఒప్పుకోలేదండీ."

అత్తగారు దివాన్ మీదే ఉంది, అన్నీ వింటూనే ఉంది. "జుట్టు విరబోసుకుని, మనకి వీపు చూపిస్తా, అటు తిరిగి కూచుంది బాబూ. లక్ష్మి ఇంట్లోంచి వెళ్ళిపోతున్నట్టు లేదూ? అలాంటి మనిషి హాల్లో ఉండకూడదు."

కోపం రావాలి. రాలేదు. బొమ్మ వేసిన నాతో సహా ఇన్నేళ్ళలో ఎవరూ అనని మాట అది. ఆమె వెళ్ళిపోతున్న మనిషేనని ఈ ముసలావిడ ఒక్క చూపులో కనిపెట్టేసింది.

"కానీ ఆవిడ చీర రంగు భలే నచ్చిందండీ మాకు" అని పద్మ గారు అందుకుంది. "అందుకే దిండ్లకీ కర్టెన్లకీ అదే వేయించాం. సోఫాకి మీ నీళ్ళ రంగు, తివాచీకి గడ్డి రంగు. మాస్టారండీ, కాఫీ తీసుకోండి, చల్లారిపోతోంది."

అప్పుడు చూసుకున్నాను, సోఫాలో కూర్చుంటూ ఒళ్ళోకి తీసుకున్న దిండు నేరేడుపండు రంగులో ఉంది. గది నాలుగు వైపులా సువార్త చీర వేలాడుతోంది. మనిషి మాత్రం లేదు. కాఫీ తాగాను.

ఇంటీరియర్ చేసిన అమ్మాయికి ఫోన్ కలిపి నా చేతికిచ్చారు. "కాపీ కాదు సార్, ఇన్‌స్పిరేషన్ తీసుకున్నాం" అంది. దొంగతనానికి ఎంత ముద్దు పేరు పెట్టుకున్నావమ్మా అన్నాను. పద్మ గారు మొహం పక్కకి తిప్పుకుంది. నాకే సిగ్గేసి, ఆ మనిషితో ఉన్న మంచి ఫొటో ఎక్కడైనా ఉందా అని మామూలుగా అడిగాను.

"లేదు సార్, నెట్లో చిన్నదే దొరికింది. ఫైనల్‌కి కంప్యూటర్లో సాగదీసి నున్నగా చేయించాం. మనిషి ఉన్నది ఒక్కటే, గోడకి ఎలా ఉంటుందో చూద్దామని ఫ్లెక్సీ మీద శాంపిల్ వేశాం."

ఆ ఫ్లెక్సీ ఏమైందని పద్మ గారిని అడిగాను. "కొల్లేట్లో మాకు చేపల చెరువులున్నాయండీ. అక్కడ కాపలా వాళ్ళ పాకకి అడ్డం కట్టుకోమని పంపేశాం" అని దారి కూడా చెప్పింది. భోజనం చేసి వెళ్ళమని గేటు దాకా వచ్చి మరీ బతిమాలింది. నేను ఉండలేదు. బస్టాండు దగ్గర మెస్సులో పప్పూ వంకాయా తిని, రెండు గంటలకి ఏలూరు బస్సెక్కాను.

ఏలూరులో బస్టాండు ఎదురుగానే లాడ్జిలో దిగాను. మంచం పైన గోడకి మంచుకొండల ఫొటో ఒకటి, దాని మీద ఫ్యాను గాలికి ఆడుతున్న సాలెగూడు. ఎవరికీ ఏమీ కాని బొమ్మ. దాన్ని ఎవరూ గోడ మీంచి తియ్యమనలేదు. అది చూస్తూ చాలాసేపు తిట్టుకున్నాను, ఎవర్ని తిడుతున్నానో తెలీకుండానే.

మర్నాడు తెల్లారగానే కైకలూరు వైపు వెళ్ళే బస్సు. కొల్లేరనగానే మీరు నీళ్ళూ పక్షులూ అనుకుంటారు. రోడ్డుకి అటూ ఇటూ గట్లు, గట్ల మధ్య చెరువులు, చెరువుల మీద మేత బస్తాలు వేలాడేసిన కర్రలు. చచ్చిన చేపల వాసన. సువార్త కూర్చున్న ఒడ్డు ఎక్కడో ఇక్కడే ఉండాలి. ఎంత చూసినా ఆనవాలు పట్టలేకపోయాను.

కండక్టరు వంతెన దాటాక దింపాడు. అక్కణ్ణుంచి గట్టు మీద నడవాలి. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. మలుపు తిరిగాను.

దూరంగా పాక. పాక పక్కన సువార్త కూర్చుని ఉంది.

జుట్టు ఆరబోసుకుని, చీర కుచ్చెళ్ళు దోనె మీంచి జారి, కాస్త ఎడమకి ఒరిగి, అచ్చం అలాగే. నేను గట్టు మీదే నిలబడిపోయి పేరు పెట్టి పిలిచాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ పిలిచాను.

తరవాత నడిచాను. నడిచే కొద్దీ ఆమె చెదిరిపోవడం మొదలెట్టింది. ముందు చీర అంచు గళ్ళు గళ్ళయింది. తరవాత భుజం. ఇంకా దగ్గరికి వెళ్తే జుట్టు నల్లటి, గోధుమరంగు చదరాలుగా విడిపోయింది. పాక గోడ దగ్గరికి చేరేసరికి బాత్రూంలో పలకల్లాంటి రంగు ముక్కలు తప్ప ఇంకేమీ లేవు. చెయ్యి పెట్టి చూశాను. ఫ్లెక్సీ కాలుతోంది.

లోపల్నుంచి కాపలా అతని భార్య మరియమ్మ వచ్చింది. మిల్లు వాళ్ళ తాలూకు మనిషిననుకుని కంగారు పడింది. కాదని, ఈ బొమ్మ కోసం వచ్చానని చెప్పాను.

"మాకు బాగా పనికొచ్చిందండి" అంది. "గాలీ వానా ఆపుతాదని కట్టాం. కానీ దూరం నుంచి చూస్తే మనిషి కూచున్నట్టే ఉంటాదండి. మేం ఊళ్ళోకెళ్ళినా చేపల దొంగలు ఇటు రావట్లేదు."

"ఆవిడ మా ఆవిడమ్మా. పోయింది" అన్నాను.

మరియమ్మ తల మీద కొంగు కప్పుకుంది. "అయ్యో, నిజం మనిషాండి. బొమ్మనుకున్నాం మేం" అని మొగుణ్ణి కేకేసింది. నూకరాజు వచ్చి, విషయం విని, నేను అడక్కుండానే నాలుగు మేకులు పీకాడు. ఫ్లెక్సీ ఒక పక్క గట్టు మీదకి వాలింది. తీసుకెళ్ళిపోండి మాస్టారండీ, మేం బరకం పట్టా కట్టుకుంటాం అన్నాడు.

నేను కూడా తీసుకెళ్దామనే అనుకున్నాను. చుట్టడానికి వంగాను. అప్పుడు మా గది గుర్తొచ్చింది. వరద తరవాత మేడ మీద ఒక్క గదిలోకి మారాను. మంచానికీ గోడకీ మధ్య ఒక మనిషి నడిచేంత చోటు. ఎక్కడ కట్టినా ఆమె నాకు చేతికందేంత దగ్గర్లోనే ఉంటుంది, అంటే కనిపించదు. ముక్కలు చూస్తూ పడుకోవాలి.

"మళ్ళీ కొట్టెయ్యి బాబూ" అన్నాను.

"అదేంటండీ, మీ మనిషి కదా" అంది మరియమ్మ.

"మా గది సరిపోదమ్మా."

"మడతేసుకోవచ్చండి" అంది. నేను మేకులు ఏరి నూకరాజుకి అందించాను.

నూకరాజు మేకులు కొడుతూ, "ఫ్లెక్సీ గదండీ, ఎక్కువ రోజులుండదు. ఎండకి నలుపు ముందు పోతాది, చూడండి అప్పుడే" అని చూపించాడు. నల్లటి గళ్ళు చాలాచోట్ల ఎర్రబారి, పైన కొన్ని తెల్లబడిపోయి ఉన్నాయి. నెత్తి దగ్గర్నుంచి మొదలైంది. ఆసుపత్రిలోనూ అలాగే మొదలైంది. దిండు మీద పడ్డ వెంట్రుకలు తనకి కనపడకుండా నేను ఏరేసేవాణ్ణి. ఇక్కడ ఏరడానికి కూడా ఏమీ లేదు.

వాళ్ళు పెట్టిన చద్దన్నం, చేపల పులుసు తిన్నాను. బాగుంది. బరకం కొనుక్కోమని డబ్బులివ్వబోతే తీసుకోలేదు.

రోడ్డు మీద బస్సు కోసం చాలాసేపు నిలబడ్డాను. ఈ దారిన వెళ్దామనుకునే వాళ్ళకి చెప్పాల్సింది కొంచెమే. తాడేపల్లిగూడెంలో ఆ హాలు చాలా బాగుంటుంది, పద్మ గారు కాఫీ బాగా ఇస్తుంది. కొల్లేటికి వెళ్తే ఎండలు ముదరకముందే వెళ్ళండి. గట్టు మలుపు దగ్గర ఆగిపోండి. ఇంకా నడిస్తే ఏమీ మిగలదు. నా బొమ్మల్లో దేన్నీ ఇంత బాగా, ఇంత ఘోరంగా ఎవరూ ఎక్కడా పెట్టలేదు.

ఏలూరు బస్సు పదకొండుకి వచ్చింది. చెరువు వైపు కిటికీ దగ్గర ఒకావిడ బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కాస్త ఇటు జరుగుతారా అమ్మా, అటు చూడాలి అని అడిగాను. లేచి చోటిచ్చింది. బస్సు కదిలింది. గట్టు చివర పాక కనిపించింది, పక్కన సువార్త.

"మీవాళ్ళాండీ?" అంది ఆవిడ నా భుజం మీంచి చూస్తూ.

"మా ఆవిడ."

"చెయ్యి ఊపండి మరి." నేను ఊపాను. ఆవిడ కొంచెంసేపు చూసింది. "ఇటు తిరగట్లేదేంటండీ? అలిగారా?"

నేను చెయ్యి దించలేదు. బస్సు వంతెన ఎక్కుతోంది. ఆవిడ బుట్ట సర్దుకుంటూ, చిన్నపిల్లాడికి చెప్పినట్టు మెల్లగా చెప్పింది.

"పర్లేదండీ. మళ్ళీ మీరొచ్చేసరికి కోపం పోయి ఇటు తిరుగుతారు లెండి."

అలాగేనమ్మా అన్నాను.